కాదని చెప్పలేనివాళ్ళ డబ్బు

ఇది రాయడం ఇంత ఆలస్యం కావడానికి కారణాలు రెండు. మొదటిది మా పేటలో అందరికీ తెలుసు. నాకు నలభై ఏళ్ళు దగ్గరపడ్డాక అక్షరాలొచ్చాయి. ముందు సంతకం వచ్చింది, తర్వాత ఖాతాదారుల కార్డులు నింపడం వచ్చింది, ఆ తర్వాత పేపరు చదవడం వచ్చింది. కానీ ఒక మనిషి గురించి నాలుగు వాక్యాలు వరసగా రాయడం మాత్రం పని మానుకుని ఇంట్లో కూర్చున్నాకే అలవడింది. రెండో కారణం నా పనిలోనే ఉంది. పోస్టాఫీసు ఏజెంటు ఎవరి డబ్బు ఎక్కడుందో, ఎంతుందో బయటికి చెప్పకూడదు. చెబితే మర్నాటి నుంచి ఒక్కరూ తలుపు తీయరు. ఇప్పుడు నేను చెప్పబోయే ఇంట్లో పెద్దవాళ్ళిద్దరూ లేరు. మొగల్తూరులో ఉన్న వాళ్ళమ్మాయిని అడిగాను. "రాయండి. మా నాన్న లాంచీ గురించి ఎవరైనా చెబుతారు, మా అమ్మ గురించి మీరే చెప్పాలి" అంది. పేర్లు మార్చి రాస్తున్నాను.

మా వీధిలో ఈ మధ్య ఇద్దరు అమ్మాయిలు ఏజెన్సీ తీసుకున్నారు. రిటైరైనవాళ్ళు ఏ పథకంలో కడితే ఎంత వడ్డీ వస్తుందని వాళ్ళు నన్ను అడుగుతుంటారు. అది వాళ్ళు ఫోనులో చూసుకోవచ్చు. ఫోనులో కనిపించనిది నాకు తెలిసినంత వరకు చెబుతాను.

మంగతాయారుగారు

నాకు పని నేర్పింది మంగతాయారుగారు. రాజమండ్రిలో మా పేటకంతటికీ ఆవిడే ఏజెంటు. మోకాళ్ళ నొప్పుల వల్ల మేడలెక్కలేకపోయేవారు. నేను ఆవిడ తరఫున ఇళ్ళకి వెళ్ళి నెలనెలా కట్టే డబ్బు తెచ్చి ఇచ్చేదాన్ని. అక్షరాస్యత ఉద్యమం వాళ్ళు మా వార్డు బడిలో సాయంత్రాలు పాఠాలు మొదలుపెట్టినప్పుడు నన్ను బలవంతంగా తోలింది ఆవిడే.

"ఎన్నాళ్ళే, నా కాళ్ళయి తిరుగుతావు? నీ కాళ్ళ మీద నువ్వు తిరుగు" అన్నారు.

ఏడో తరగతి ప్రైవేటుగా కట్టి పాసయ్యాను. ఆవిడ పని మానేశాక ఆ ఇళ్ళు నాకొచ్చాయి.

ఆవిడ మంచి గురువే కానీ పక్షపాతం మెండు. కాఫీ బాగా ఇచ్చే ఇంటి పని ముందు చూసేవారు. చికోరీ ఎక్కువ కలిపే ఇంటి పని సాయంత్రానికి వాయిదా. మెచ్చుకోలు ఆవిడ నోట రాగా నేను వినలేదు. అయితే ఒక మాట చెప్పారు, అదొక్కటే చాలు: "వడ్డీ ఎంతొస్తుందని అందరూ అడుగుతారు. ఎక్కణ్ణుంచి వస్తుందని ఒక్కడూ అడగడు. వాళ్ళు అడగకపోయినా నువ్వు చెప్పు."

నేను ఆ తర్వాత చూసిన ఫైనాన్సు కంపెనీలన్నిటినీ ఆ ఒక్క ప్రశ్నతోనే కొలిచాను. టేకు మొక్కలు పెంచుతామన్నవాళ్ళు వచ్చారు, రొయ్యల చెరువులన్నవాళ్ళు వచ్చారు, ఏమీ చెప్పకుండా ఏసీ గది మాత్రమే చూపించినవాళ్ళూ వచ్చారు. వడ్డీ ఎక్కణ్ణుంచి ఇస్తారండీ అని అడిగితే ఒకాయన నాకు కూల్‌డ్రింకు తెప్పించాడు. సమాధానం మాత్రం చెప్పలేదు.

వడ్డీ రోజు

ఈ పనిలో నాకు అన్నిటికంటే ఎక్కువ గుర్తొచ్చేవి పోస్టాఫీసులో పొద్దుటిపూటలు. నెలసరి ఆదాయ పథకం అని ఉండేది. ఇప్పుడూ ఉంది. అసలు సొమ్ము అక్కడ పెడితే ఆరేళ్ళపాటు నెలనెలా వడ్డీ చేతికొచ్చేది. ఎవరు ఏ తారీకున ఖాతా తెరిచారో ప్రతి నెలా ఆ తారీకున వచ్చి తీసుకునేవారు. దానికి మా పేటలో వడ్డీ రోజు అని పేరు.

ఆ రోజు వచ్చే పెద్దవాళ్ళని చూస్తే ముచ్చటగా ఉండేది. ఉద్యోగం చేసిన రోజుల్లో కూడా అంత శుభ్రంగా తయారై ఉండరు. ఇస్త్రీ చొక్కా, తడి ఆరని విభూతి, చేతిలో గొడుగు, గొడుగుకి తగిలించిన సంచి. కౌంటరు తెరవక ముందే బల్లల మీద కూర్చుని వంకాయల ధర దగ్గర్నుంచి గోదావరి నీటిమట్టం దాకా మాట్లాడుకునేవారు. లోపల ముద్ర కొట్టే చప్పుడు మొదలవగానే అందరూ ఒక్కసారి లేచేవారు. ఆ డబ్బు తీసుకుని తిన్నగా ఇంటికెళ్ళేవాళ్ళు తక్కువ. పూతరేకులో, మామిడి తాండ్రో, ఏదో ఒకటి సంచిలో పడాల్సిందే. అది జీతం రోజు లాంటిది మరి.

ఒక డ్రిల్లు మాస్టారు ఉండేవారు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బంతా ఒకే ఖాతాలో వేయనన్నారు. మూడు ముక్కలు చేసి మూడు వేరువేరు తారీకుల్లో తెరిపించారు. నెలకి మూడుసార్లు వడ్డీ రోజు వస్తుందని ఆయన లెక్క. అది విని వాళ్ళావిడ నన్ను వంటింట్లోకి పిలిచి, "మూడెందుకమ్మా, ముప్ఫై పెట్టించు. రోజూ ఇంట్లోంచి కదుల్తారు" అంది.

ఆయన చేసింది మంచి పనే. డబ్బంతా ఒక్కసారి కట్టేస్తే ఏదైనా అవసరం పడ్డప్పుడు మొత్తం కదపాలి. ముక్కలుగా ఉంటే ఒక్క ముక్క కదిపితే చాలు. ఇప్పటికీ నేనిదే చెబుతాను. కొంత పోస్టాఫీసులో, కొంత బ్యాంకు ఫిక్సెడ్‌లో, కొంత ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా చేతికందే దూరంలో ఉంచుకోండి. తర్వాత్తర్వాత అరవై దాటినవాళ్ళ కోసం ప్రత్యేకంగా పథకం వచ్చింది. అదీ మంచిదే. రెండువేల సంవత్సరం దాటాక వడ్డీలు తగ్గించుకుంటూ పోయారు. బల్లల మీద కబుర్లూ తగ్గాయి. అయినా వడ్డీ తగ్గితే కూర తగ్గుతుంది, అసలు పోతే పొయ్యి ఆరిపోతుంది.

వర్జ్యంలో నామినీ

కొత్తగా చేరే అమ్మాయిలు ముందుగా తట్టుకోవాల్సిన రాయి నామినీ. ఖాతా తెరిచేటప్పుడు, తర్వాత డబ్బు ఎవరికి చెందాలో రాయాలి. మనవాళ్ళు పంచాంగం చూసుకుని, మంచి ఘడియ చూసుకుని వస్తారు. సరిగ్గా అప్పుడే మనం చావు మాట ఎత్తాలి. "శుభమా అని డబ్బు కడుతుంటే ఏంటమ్మా ఈ మాటలు" అని ఎంతమంది కసిరారో. సరేలే అని ఖాళీగా వదిలేస్తే, ఆయన పోయాక ఆవిడ ఆఫీసుల చుట్టూ తిరగాలి.

దీనికి మందు మంగతాయారుగారే కనిపెట్టారు. పంచాంగం ఆవిడా చూసేవారు. "పదింటి దాకా వర్జ్యం ఉందండి. ఈ లోపల ఆ నామినీ గొడవ వదిలించేద్దాం. వర్జ్యం వెళ్ళాక మంచి ఘడియలో డబ్బు కడదాం" అనేవారు. చెడ్డమాట చెడ్డ ఘడియలో అయిపోతే ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు. నేనూ నా సర్వీసంతా అలాగే నడిపాను. మనుషుల నమ్మకంతో పోట్లాడి గెలవలేం, దాని పక్కనుంచి దారి చూసుకోవాలి.

నా పేరు చెప్పండి

ఇక అసలు సంగతి. గోదావరి జిల్లాల్లో పెద్దవాళ్ళ డబ్బు దొంగలు ఎత్తుకుపోగా నేను చూడలేదు. మొహమాటం ఎత్తుకుపోగా చూశాను.

రిటైరైన మనిషికి డబ్బు వచ్చిందని వీధికి తెలియడానికి ఒక పూట చాలు. తోడల్లుడు వస్తాడు, పాత స్నేహితుడు వస్తాడు, చేపల చెరువు తవ్వించే మేనల్లుడు వస్తాడు. అందరూ మంచివాళ్ళే. నూటికి రెండు రూపాయల వడ్డీ ఇస్తామంటారు, ప్రోనోటు రాస్తామంటారు. "మనలో మనకి నోటేంటండి" అని ఈయనే వద్దంటాడు. నోటే వద్దన్న మనిషి తర్వాత వడ్డీ ఎలా అడుగుతాడు? ఎదురుపడితే ఈయనే వీధి మారి వెళ్తాడు. అప్పిచ్చినవాడు తప్పుకు తిరగడం మా వైపే చూస్తాం.

అందుకని నేను వాళ్ళకి ఒక దారి చెప్పేదాన్ని. "ఎవరైనా అడిగితే నా మీద పెట్టేయండి. ఏజెంటు ఆరేళ్ళకి కట్టించేసిందండి, మధ్యలో తీయనివ్వట్లేదండి అనండి. నన్ను ఎన్ని తిట్టుకున్నా పర్లేదు" అనేదాన్ని.

నిజానికి తీయనివ్వకపోవడానికి నేనెవర్ని? ఏడాది దాటాక ఎప్పుడైనా తీసుకోవచ్చు, కొంత కోస్తారంతే. కానీ ఆ మాట చెప్పగానే వాళ్ళ మొహాలు విప్పారేవి. జీవితంలో ఎవరికీ కాదని చెప్పి ఎరగని మనుషులకి కాదని చెప్పడానికి ఒక మనిషి దొరికింది. అలా పేటలో నాకు గయ్యాళి ఏజెంటు అని పేరొచ్చింది. నేను నడిచొస్తుంటే మేనల్లుళ్ళు మొహం తిప్పుకునేవారు. పైకి చెప్పలేదు కానీ నాకు అది గొప్పగానే ఉండేది.

సరంగుగారు

సత్యంగారిని అందరూ సరంగుగారనేవారు. రాజమండ్రి రేవు నుంచి పట్టిసీమ, పోలవరం వైపు సొంత లాంచీ నడిపిన మనిషి. శివరాత్రికి పట్టిసీమ తీర్థం జనాన్ని తన లాంచీలోనే దాటించానని చెప్పుకునేవాడు. బస్సులు పెరిగి లాంచీ ఎక్కేవాళ్ళు తగ్గిపోయాక, తొంభైల నడుమ అది అమ్మేశాడు. ఆయనకి పింఛను లేదు. మగపిల్లలు లేరు. ఒక్క కూతురికి పెళ్ళి చేశాడు. లాంచీ అమ్మగా వచ్చిన ఆ డబ్బే ఆయనా, ఆయన భార్య వీరమ్మగారూ ఇక బతికినన్నాళ్ళూ తినాల్సింది. అది పోతే వాళ్ళకి ఇంకేం లేదు.

నేను పథకం గురించి చెబితే ఆయనకి ఒక్క మాటలో అర్థమైంది.

"అంటే లాంచీ రేవులో కట్టేసుంటాది, టిక్కెట్టు డబ్బులు మాత్రం నెలనెలా వత్తాయి. అంతేగదండీ?"

"అంతే బాబాయిగారూ."

"మరి మజ్జలో లాంచీ ఇప్పాలంటేనో?"

"ఏడాది దాటాక విప్పొచ్చు. కొంత కోత పడుతుంది. రెండు పేర్ల మీద కడుతున్నారు కాబట్టి పిన్నిగారు కూడా ఒప్పుకుని సంతకం పెట్టాలి."

ఆయన అటూ ఇటూ చూశాడు. "ఇప్పొచ్చన్న మాట ఎవరికీ చెప్పమాకమ్మాయ్" అన్నాడు.

ఆయన భయం వాళ్ళ బావమరిది అప్పారావు గురించి. వీరమ్మగారి తమ్ముడు. ఒక ఫైనాన్సు కంపెనీలో డిపాజిట్లు కట్టించేవాడు. పేరెందుకు, ఇప్పుడు దాని బోర్డు కూడా లేదు. పోస్టాఫీసుకి రెట్టింపు వడ్డీ ఇచ్చేవారు. అతను మోసగాడు కాదు. అందరికంటే ముందు తన సొంత డబ్బు, పెళ్ళాం నగల డబ్బు అందులో పెట్టిన మనిషి. అతనికి కాదని చెప్పడం సరంగుగారి వల్ల అయ్యే పని కాదు. ఎందుకంటే లాంచీ కొన్నప్పుడు మామగారు కొబ్బరితోట తాకట్టు పెట్టి సాయం చేశాడు. ఆ రుణం ఇంట్లో ఎవరూ అనకపోయినా గోడ మీద పటంలా వేలాడుతుండేది.

ఖాతా తెరిచిన రోజు వీరమ్మగారిని రిక్షాలో తీసుకొచ్చాడు. చూపించిన చోట ఆవిడ సంతకం పెట్టింది. అదే రిక్షాలో ఇంటికి పంపేశాడు. ఏం కట్టారు, ఎప్పుడు తీయొచ్చు, ఆవిడకి ఎవరూ చెప్పలేదు. అన్ని ఇళ్ళలోనూ అంతే కాబట్టి నాకూ అది వింతగా తోచలేదు.

వారం తిరక్కుండా అప్పారావు మా ఇంటికొచ్చాడు. నేను వీధి అరుగు మీద కూర్చుని చేపలు తోముతున్నాను.

"ఏవమ్మా, మా బావ డబ్బు నీ దగ్గరుందంట?"

"నా దగ్గరెందుకుంటుందండి, పోస్టాఫీసులో ఉంది."

"నువ్వే తియ్యనివ్వట్లేదంటగా?"

"అవునండి" అన్నాను.

"నువ్వెవరు తియ్యనివ్వకపోడానికి? ఆయనకి అమ్మవా, అత్తవా?"

"ఏజెంటునండి."

"ఏజెంటు! కమీషను కోసం ముసలోళ్ళని కట్టిపడేశావు. అక్కడేమిత్తారమ్మా, చిల్లర! ఒక్కసారి మా కంపెనీకి వచ్చి చూడు. ఆ గదిలో కూకుంటే ఎండాకాలంలో కూడా చలేత్తది!"

లోపల్నుంచి మా ఆయన, "చలేస్తే దుప్పటి కప్పుకోమను" అని అరిచాడు. అప్పారావు చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్ళిపోయాడు.

రెండేళ్ళు

ఆ తర్వాత రెండేళ్ళు అప్పారావుదే నడిచింది. స్కూటరు కొన్నాడు. ఇంటికి మార్బులు వేయించాడు. వాళ్ళ వీధిలో ఇంటింటి చేతా డిపాజిట్లు కట్టించాడు. నెల తిరిగేసరికి అందరికీ వడ్డీ ఠంచనుగా అందేది. నా ఖాతాదారులు కొందరు ఆరేళ్ళు నిండగానే డబ్బు తీసి అటు పట్టుకెళ్ళారు. వాళ్ళని నేను ఆపలేకపోయాను. వడ్డీ ఎక్కణ్ణుంచి వస్తుందో అడగండని చెప్పాను. "వస్తోంది కదమ్మా!" అన్నారు. వచ్చే డబ్బుని వద్దనే తర్కం ఎవరి దగ్గరుంటుంది?

అప్పారావు అక్క గుమ్మం తొక్కడం మానేశాడు. వీరమ్మగారు అతన్ని ఎత్తుకుని పెంచింది. వాళ్ళమ్మ చిన్నప్పుడే పోయింది. కార్తీకంలో అక్క చేతి భోజనానికి, రాఖీకి, దేనికీ తమ్ముడు రాలేదు. నేను వాళ్ళింటికి వెళ్తే ఆవిడ మంచినీళ్ళు కూడా ఇచ్చేది కాదు. ఒకసారి వెళ్ళొస్తానని లేస్తుంటే అంది:

"అసలు నిలిచింది. తమ్ముడు పోయాడు. నీ కడుపు చల్లగా ఉందా అమ్మాయ్?"

సరంగుగారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నా పేరు చెప్పుకోమన్నది నేనే కదా అని చెప్పులు వేసుకుని వచ్చేశాను. తిట్లు వీధిలోవాళ్ళవైతే నాకు బరువనిపించలేదు. ఇది మాత్రం దారంతా మోశాను.

అడిగితే చెప్పేదాన్ని

తర్వాత ఒక సోమవారం ఆ కంపెనీ తలుపులు తెరవలేదు. మధ్యాహ్నానికి రోడ్డంతా జనం. ఏసీ పెట్టె మాత్రం గోడకి అలాగే ఉంది, మిగతాదంతా ఖాళీ. పైవాళ్ళు ఎక్కడికి పోయారో తెలియలేదు. దొరికింది అప్పారావే. అతని సొమ్మూ పోయింది. అయినా వీధివాళ్ళు కట్టింది అతని మొహం చూసి కాబట్టి వాళ్ళంతా వచ్చి అతని అరుగు మీద కూర్చున్నారు. కొట్టలేదు, తిట్టలేదు. ఊరికే కూర్చున్నారు. దానికి తట్టుకోలేక అతను గదిలో తలుపేసుకుని అన్నం మానేశాడు.

మర్నాడు సాయంత్రం వీరమ్మగారి నుంచి కబురొచ్చింది. వెళ్ళేసరికి సరంగుగారు మంచం మీద, ఆవిడ గడప దగ్గర నేల మీద కూర్చుని ఉన్నారు.

"అమ్మాయ్, ఆరేళ్ళ దాకా దేవుడు దిగొచ్చినా ఆ డబ్బు తీయలేమన్నారు మీ బాబాయి. నువ్వు కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను. ఆ పోస్టుమాస్టరుకి చెప్పి ఎలాగైనా తీయించు. ఈదిలో వాళ్ళకి కొంత ఇచ్చేసి నా తమ్ముణ్ణి లేవదీయాలి" అంది.

అప్పుడు తెలిసింది నాకు. నేను వీధికి చెప్పుకోమన్న మాట ఆయన ఇంట్లో కూడా చెప్పాడు.

ఆయన నా వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. ఇంకొక్కసారి కాదని చెప్పమని అడుగుతున్నాడు. చెప్పడం నాకు కష్టం కాదు. లాంచీ నిలుస్తుంది, ఇద్దరూ బతికినన్నాళ్ళూ తింటారు. తిట్లు ఎలాగూ నాకు అలవాటే. కానీ ఆ డబ్బు మీద ఉన్న రెండు పేర్లలో ఒక పేరు ఆవిడది. ఆవిడ కాళ్ళు పట్టుకుంటాననేది తన డబ్బు కోసమే.

"తీయొచ్చు పిన్నిగారూ" అన్నాను. "ఎప్పుడో తీయొచ్చు. కొంత కోస్తారు. మీరిద్దరూ సంతకాలు పెడితే చాలు. నన్నూ అడగక్కర్లేదు, పోస్టుమాస్టర్నీ బతిమాలక్కర్లేదు."

ఆవిడ ఆయన వైపు తిరిగింది.

"ఎందుకు దాచారు?"

"నీకు చెప్తే ఆడికి చెప్తావని."

"చెప్పేదాన్నే! తీయొచ్చురా, కానీ తీయం, పో, అని కూడా నేనే చెప్పేదాన్ని. ఎత్తుకు పెంచినదాన్ని, ఆడికి వద్దని చెప్పడం నాకు తెలీదా? చిన్నప్పుడు గోదాట్లో దిగకురా అంటే దిగేవాడు కాదు. మీకు మొహమాటం. నాకేం మొహమాటం, నా తమ్ముడు! నన్ను అడిగుంటే మన డబ్బేం కర్మ, ఆడి డబ్బు కూడా అందులో పెట్టనిచ్చేదాన్ని కాదు. ఆడు నా దగ్గరికి రాకపోబట్టే గదా ఇంత దాకా వచ్చింది."

సరంగుగారు తల వంచుకున్నాడు. గోదావరి వరదలో లాంచీ తిప్పిన మనిషి, ఆ మాటకి ఎటూ తిప్పలేకపోయాడు. "తప్పే వీరమ్మా" అన్నాడు చివరికి. "ఇప్పుడేం చేద్దావో నువ్వే చెప్పు. తీసేద్దావంటే రేపే సంతకం పెడతా."

నేను లేచి వెళ్ళిపోబోయాను. "కూకో అమ్మాయ్" అంది ఆవిడ. లేచి వెళ్ళి నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చింది. నేను తాగేదాకా నిలబడి, అప్పుడు చెప్పింది.

"అసలు ముట్టద్దు. అది వీధంతా పంచినా ఎవరికీ ఆనదు. మనమూ మునుగుతాం, ఆడూ తేలడు. నెలనెలా వచ్చేదాంట్లో సగం ఆడింటికి. డబ్బు కాదు. డబ్బు కనిపిస్తే అరుగు మీద వాళ్ళు అడుగుతారు, ఆడు ఇచ్చేత్తాడు, ఆడికీ మీలాగే మొహమాటం. బియ్యం, పప్పు, పిల్లల ఫీజు. నేనే కొనిచ్చి పంపుతాను. ఆడు మళ్ళీ నిలబడేదాకా."

"మరి మనకి సగం చాలదు గదే" అన్నాడాయన.

"మీ చుట్టల ఖర్చు ఎంతో లెక్కేశారా ఎప్పుడైనా?" అంది. రెండేళ్ళ తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినడం అదే.

అప్పారావు తర్వాత రావులపాలెం అరటి మార్కెట్లో కమీషను కొట్లో గుమాస్తాగా కుదిరాడు. వీధివాళ్ళకి కొంత తీర్చాడు, కొంత తీర్చలేకపోయాడు. సరంగుగారు పోయాక వీరమ్మగారు ఆ వడ్డీ మీదే చివరిదాకా ఎవరి చేతా మాట పడకుండా బతికింది. ఇది చెప్పకపోతే మీకు వెలితిగా ఉంటుందని చెప్పాను. నా పని మారింది మాత్రం ఆ సాయంత్రమే.

మనవాళ్ళ డబ్బుకి కాపలా పోస్టాఫీసు ఒక్కటే చాలదు. ఎవరిని కాదనాలో, ఎవరిని లోపలికి పిలవాలో తెలిసిన మనిషి ఇంట్లో ఉంటుంది. ఆవిడకి సంగతి తెలియకపోతే ఎంత గట్టి పథకమైనా సగమే గట్టి. నా పేరు వీధిలో ఎంతైనా వాడుకోనిచ్చాను, మానేసేదాకా వాడుకున్నారు. గడప లోపల మాత్రం మళ్ళీ ఎవర్నీ వాడనివ్వలేదు.

వీరమ్మగారింటి నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్నే ఒక కొత్త ఇంటికి వెళ్ళాల్సి ఉంది. కొత్తగా రిటైరైన హెడ్మాస్టరుగారు రమ్మన్నారు. వెళ్ళేసరికి వసారాలో కళ్ళజోడు పెట్టుకుని, పెన్ను మూత తీసి సిద్ధంగా ఉన్నారు. లోపల కాఫీ వాసన వస్తోంది.

"కూర్చోండమ్మా. చెప్పండి, ఏ పథకం మంచిది?" అన్నారు.

"అమ్మగారిని కూడా పిలవండి."

"కాఫీ పెడుతోంది. తనకివేం తెలీవు, నాకు చెప్పండి చాలు."

"తెలీదు కాబట్టే పిలవండి. కాఫీ తర్వాత తాగుదాం."

ఆయన ఇష్టం లేకుండానే కేకేశారు. ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి తలుపు వార నిలబడింది.

"నిలబడితే చెప్పనండి" అన్నాను.

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. వసారాలో రెండే కుర్చీలున్నాయి. హెడ్మాస్టరుగారు లోపలికి వెళ్ళి మూడోది మోసుకొచ్చి నా ఎదురుగా వేశారు. ఆవిడ కూర్చుంది. అప్పుడు మొదలుపెట్టాను.